బ్లాగు – వెబ్‌సైటు: తెలుగు అంతర్జాల రచనలో భేదనిర్ణయం, చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

తెలుగులో బ్లాగు రచన 2005-06 ప్రాంతంలో ఊపందుకుని, కొన్నేళ్లపాటు కథకు, కవితకు, పుస్తక సమీక్షకు, వాదవివాదాలకు, జ్ఞాపకాలకు ప్రధాన వేదికగా నిలిచింది. సాహిత్యచరిత్ర రాసేవారు మాత్రం దీనిని ‘వెబ్‌సైట్లు’ అనే ఒకే మాట కింద చేర్చి దాటిపోతున్నారు. బ్లాగును ప్రభుత్వ వెబ్‌సైటు, జాలపత్రిక, విజ్ఞానసర్వస్వం, గ్రంథభాండాగారం వంటి ఇతర వెబ్ రూపాలనుంచి వేరుచేసే లక్షణం ఏది అన్నది ఈ వ్యాసంలోని ప్రశ్న. ఆ లక్షణం సాంకేతిక నిర్మాణంలో లేదనీ, తేదీ, సంతకం, పాఠకునితో ప్రత్యుత్తర సంబంధం అనే మూడింటి కలయికలో ఉందనీ, దీనిని గుర్తించకపోవడం వల్ల బ్లాగు రచనను భద్రపరచడంలోనూ ఉదహరించడంలోనూ నష్టం జరుగుతున్నదనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్నది.

కీలక పదాలు: బ్లాగు, టపా, వ్యాఖ్య, సంకలిని, కూడలి, లేఖిని, జాలపత్రిక, తెలుగు వికీపీడియా, పాఠపరిష్కరణ.

1. ఉపోద్ఘాతం

అంతర్జాలంలో ‘నర్మెట్ట’ అని తెలుగులో వెతికితే మొదట ఒక చిక్కు ఎదురవుతుంది. జనగామ జిల్లాలో మండలకేంద్రమైన నర్మెట్ట ఒకటి, సిద్దిపేట జిల్లా నంగునూరు మండలంలోని నర్మెట్ట మరొకటి. 2017లో రాష్ట్ర పురావస్తుశాఖ బృహత్ శిలాయుగపు సమాధులను తవ్వింది రెండో ఊళ్లో. ఆ వార్తలు మొదటి ఊరి సమాచారంతో కలగలసి వస్తాయి. వాటిని విడదీసుకుని జనగామ నర్మెట్టకే పరిమితమైనా, దొరికే పేజీలు ఒకే జాతివి కావు. జిల్లా అధికారిక వెబ్‌సైటులో నర్మెట్ట మండలాల పట్టికలో ఒక పేరు. తెలుగు వికీపీడియాలో అది జనగణన లెక్కలతో కూడిన వ్యాసం. దినపత్రికల వెబ్‌సైట్లలో అది వార్త మొదట్లో కనిపించే ఊరి పేరు. ఈ మూడింటిలోనూ ‘నేను’ అనే మాటకు చోటు లేదు. ‘నేను ఈ ఊళ్లో పుట్టాను, ఈ బడిలో చదివాను, ఆ చెరువు నిండినప్పుడు చూశాను’ అని చెప్పడానికి వెబ్‌లో మొదట చోటిచ్చిన రచనారూపం బ్లాగు.

ఈ భేదం నాకు కొంత ఆలస్యంగా తెలిసింది. పిహెచ్.డి. చేస్తున్న రోజుల్లో ఒక బ్లాగు టపాను పాదసూచికలో ఉదహరించాను. సిద్ధాంతవ్యాసం సమర్పించేనాటికి ఆ బ్లాగు లేదు. మౌఖిక పరీక్షలో ‘వెబ్‌సైటులో రాసినదానికి ప్రామాణ్యం ఏమిటి?’ అన్న ప్రశ్న వచ్చింది. ప్రశ్న సమంజసమే. కాని నేను ఉదహరించింది ఒక వెబ్‌సైటును కాదు, ఒక వ్యక్తి ఒక తేదీన రాసి, కొందరు చదివి జవాబు చెప్పిన ఒక టపాను. ఆ మాట అప్పుడు స్పష్టంగా చెప్పలేకపోయాను.

2. మాట పుట్టుక, తెలుగులో స్థిరపడిన తీరు

1991 ఆగస్టులో టిమ్ బెర్నర్స్ లీ సెర్న్ పరిశోధనశాలనుంచి తొలి వెబ్‌సైటును లోకానికి పరిచయం చేశాడు. అది వెబ్ అంటే ఏమిటో చెప్పే పత్రాల సముదాయం. ‘వెబ్‌లాగ్’ అనే మాట దాని తరువాత ఆరేళ్లకు, 1997 డిసెంబరులో, జోర్న్ బార్జర్ వాడుకలోకి తెచ్చాడు. తాను వెబ్‌లో ఆ రోజు చూసినవాటి చిట్టా అని అతని ఉద్దేశం. ఓడ ప్రయాణంలో నాటినాటి సంగతులను రాసిపెట్టే పుస్తకాన్ని ఆంగ్లంలో ‘లాగ్’ అంటారు. పుట్టుకలోనే ఈ మాటలో దినచర్య ఉంది. 1999లో పీటర్ మెర్‌హోల్జ్ దీనిని సరదాగా విరిచి ‘బ్లాగ్’ చేశాడు. అదే ఏడాది ఆగస్టులో పైరా ల్యాబ్స్ అనే చిన్న సంస్థ ‘బ్లాగర్’ సేవను ప్రారంభించింది. 2003 ఫిబ్రవరిలో గూగుల్ దానిని కొన్నది. ఆ ఏడాది మే నెలలో వర్డ్‌ప్రెస్ వచ్చింది. వీటికి ముందు వెబ్‌లో ఒక పేజీ పెట్టాలంటే హెచ్‌టీఎమ్మెల్ నేర్చుకోవాలి, సర్వరు అద్దెకు తీసుకోవాలి. వీటి తరువాత ఉత్తరం రాయడం వస్తే చాలు.

తెలుగులో ‘వెబ్‌సైటు’కు జాలస్థలి, ‘ఫాంటు’కు ఖతి వంటి మాటలు వచ్చాయి. ‘బ్లాగు’కు మాత్రం ఎవరూ తెలుగుమాట పట్టుబట్టి వెతకలేదు. ఉకారం చేర్చుకోగానే అది తెలుగు పదమైపోయింది. బ్లాగరి, బ్లాగ్లోకం, బ్లాగోగులు అంటూ సంతానాన్ని కూడా పెంచుకుంది. దానిలోని ఒక్కో రచనకు ‘టపా’ అని పేరుపెట్టారు. పూర్వం ఉత్తరాల బట్వాడాకు వాడిన మాట అది. ఆంగ్లంలోని ‘పోస్ట్’కు ఇది అనువాదమే అయినా, ‘వ్యాసం’ అనకుండా ‘టపా’ అనడంలో ఆనాటి రచయితలకు తమ రచనారూపం గురించి ఉన్న అవగాహన కనిపిస్తుంది. వ్యాసం ఎవరికీ చేరకపోయినా వ్యాసమే. టపా చేరవలసినవారు ఉంటేనే టపా.

3. బ్లాగుకు ముందటి తెలుగు వెబ్

అంతర్జాలంలో తెలుగువారి సంభాషణ బ్లాగులతో మొదలుకాలేదు. 1990ల మొదట్లోనే అమెరికా విశ్వవిద్యాలయాల్లోని తెలుగు విద్యార్థులు యూజ్‌నెట్‌లో ‘సోక్.కల్చర్.ఇండియన్.తెలుగు’ అనే చర్చావేదికలో రాసుకునేవారు. అక్కడ తెలుగు లిపి లేదు. రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ రూపొందించిన ఆర్‌టీఎస్ అనే లిప్యంతరీకరణ పద్ధతిలో, దీర్ఘాలకు పెద్దక్షరాలు వాడుతూ, రోమను లిపిలో తెలుగు పద్యాలు సైతం రాశారు. తరువాత ‘రచ్చబండ’ యాహూ గుంపు వచ్చింది. 1998లో ‘ఈమాట’ జాలపత్రిక ప్రారంభమైంది.

వీటిలో ఏదీ బ్లాగు కాదు. చర్చావేదిక ఊరందరిదీ, అక్కడ రాసినవాడికి సొంత గుమ్మం ఉండదు. ఈమాట పత్రిక, దానికి సంపాదకులున్నారు, సంచికలున్నాయి, రచనను పరిశీలించి స్వీకరించే పద్ధతి ఉంది. వాడపల్లి శేషతల్పశాయి నిర్వహిస్తున్న ఆంధ్రభారతి కావ్యాల, నిఘంటువుల భాండాగారం. అక్కడ నిర్వాహకుడు కనబడడు, గ్రంథం కనబడుతుంది. దినపత్రికల వెబ్‌సైట్లు అచ్చుపత్రికకు నీడలు. చాలా పత్రికలు ఆ రోజుల్లో తమతమ సొంత ఖతులను వాడేవి. ఆ ఖతి లేని కంప్యూటరులో వార్త అర్థంలేని గుర్తుల వరుసగా కనబడేది. వెతుకుడు యంత్రానికి కూడా అది తెలుగని తెలియదు. వెబ్‌లో లక్షల తెలుగు పదాలు ఉండి కూడా ఒక్క తెలుగు మాటను వెతికి పట్టుకోలేని స్థితి అది.

4. ఖతినుంచి లేఖినిదాకా

తెలుగు బ్లాగు వయసు లెక్కపెట్టవలసింది బ్లాగర్ సేవ పుట్టిన 1999నుంచి కాదు, సాధారణ పాఠకుడికి తెలుగు అక్షరం తెరపై సక్రమంగా కనిపించిన రోజునుంచి. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే స్థానం దొరికింది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి అనే యూనికోడ్ ఖతి ఉంది. అయినా కంట్రోల్ ప్యానెల్‌లోకి వెళ్లి, సంక్లిష్ట లిపులకు అనుమతి ఇచ్చి, ఎక్స్‌పీ సీడీని మళ్లీ పెడితేగాని అక్షరాలు డబ్బాలుగా కాక అక్షరాలుగా కనిపించేవి కావు. ఆనాటి బ్లాగుల పక్కపట్టీల్లో ‘తెలుగు సరిగా కనబడకపోతే ఇక్కడ చూడండి’ అన్న లంకె మామూలు దృశ్యం. తిరుమల కృష్ణ దేశికాచారి రూపొందించిన పోతన, వేమన ఖతులు అప్పటి చాలామందికి తొలి తెలుగు యూనికోడ్ ఖతులు. బమ్మెర మా జిల్లాలోనే ఉన్నది కనుక, కంప్యూటరులో మొదటిసారి ఆ ఖతి పేరు చూసినప్పటి సంతోషం నాకు ఇంకా గుర్తుంది.

చూడటం ఒక సమస్య, రాయడం మరొకటి. ఆర్‌టీఎస్ రాతను, పత్రికల సొంత ఖతుల పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చే ‘పద్మ’ను వెన్న నాగార్జున తయారుచేశారు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు నాంది పలికిందీ ఆయనే. పద్మ ఆధారంగా వీవెన్ 2006లో ‘లేఖిని’ని అందుబాటులోకి తెచ్చారు. పై పెట్టెలో రోమను అక్షరాలు కొడితే కింది పెట్టెలో తెలుగు వస్తుంది. దానిని తీసి బ్లాగులో అతికిస్తే చాలు. అమెరికా విద్యార్థులు గత్యంతరం లేక కనిపెట్టిన ఆర్‌టీఎస్ పద్ధతి ఈ విధంగా పద్నాలుగైదేళ్లకు తెలుగు లిపికి దారిచూపింది. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు నేర్చుకోనవసరం లేకుండా, టైపు కళాశాలకు వెళ్లకుండా, గృహిణులూ విశ్రాంత ఉద్యోగులూ సాఫ్ట్‌వేరు ఇంజనీర్లూ ఒకే సమయంలో తెలుగులో రాయడం మొదలుపెట్టారు. బ్లాగు వ్యాప్తికి ఈ ఉపకరణాలు చేసిన మేలు ఏ సాహిత్యోద్యమమూ చేయలేదని నా అభిప్రాయం.

5. రూపలక్షణాలతో భేదాన్ని నిర్ణయించవచ్చునా?

పరిచయ గ్రంథాల్లో బ్లాగుకు చెప్పే లక్షణాలు సాధారణంగా మూడు. కొత్త రచన పైన, పాతది కింద ఉంటుంది. వ్యాఖ్య రాసే వీలుంటుంది. బ్లాగర్, వర్డ్‌ప్రెస్ వంటి సిద్ధమైన సేవమీద నడుస్తుంది. ఈ మూడూ బ్లాగులో తరచూ ఉండేవే, కాని ఏ ఒక్కటీ బ్లాగును నిర్ణయించదు.

ప్రభుత్వ వెబ్‌సైటులో ప్రకటనలు కూడా కొత్తవి పైనే ఉంటాయి. దినపత్రికల వెబ్‌సైట్లలో కూడా వ్యాఖ్యలుంటాయి. ఇక సేవ విషయానికి వస్తే, పుస్తకాల గురించి 2009లో మొదలైన ‘పుస్తకం.నెట్’ వర్డ్‌ప్రెస్‌మీదనే నడిచింది. కాని అనేకమంది రచయితలు, నిర్వాహకుల పరిశీలన ఉన్న ఆ వేదికను పత్రిక అనడమే న్యాయం. బ్లాగరులే కలిసి నడిపిన ‘పొద్దు’, సినిమా రచనలకు వేదికైన ‘నవతరంగం’ కూడా ఈ కోవలోవే. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ తన కొత్త పుస్తకాల వివరాలను, వాటిపై వచ్చిన సమీక్షలను బ్లాగ్‌స్పాట్‌లో ప్రచురించింది. చిరునామా బ్లాగుదే, స్వభావం ప్రచురణసంస్థ ప్రకటనపత్రానిది. కత్తి మహేష్ కుమార్ ‘పర్ణశాల’కూ దీనికీ చిరునామాలో తేడా లేదు. చదివినవారికి మాత్రం తేడా మొదటి వాక్యంలోనే తెలుస్తుంది. ‘పర్ణశాల’లో ఒక మనిషి తన పేరుమీద వాదిస్తున్నాడు, తప్పైతే ఆ పేరుమీదనే మాటపడుతున్నాడు.

కాబట్టి అన్వేషణ పేజీ నిర్మాణంనుంచి రచన స్థితివైపు జరగాలి. ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, ఎవరికి జవాబుదారీ అన్న ప్రశ్నలకు ఒక్కో వెబ్ రూపం ఒక్కో సమాధానం ఇస్తుంది.

6. తేదీ

వెబ్‌సైటు సాధారణంగా వర్తమానంలో ఉంటుంది. బ్లాగు టపా తాను పుట్టిన రోజులో ఉంటుంది. దీనికి నర్మెట్టకంటె మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. 2016 అక్టోబరు 11న తెలంగాణలో జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగింది. అంతవరకు నర్మెట్ట వరంగల్ జిల్లా మండలం. అందులోని తరిగొప్పుల ఆ పునర్వ్యవస్థీకరణలో విడి మండలమైంది. ప్రభుత్వ వెబ్‌సైట్లలో పాత వివరం పోయి కొత్త వివరం వచ్చింది. అది వాటి ధర్మం, లేకపోతే అర్జీ పెట్టుకునేవాడు తప్పుదారి పడతాడు. వికీపీడియా కొత్త జిల్లా పేరును ప్రధానపాఠంలో చేర్చి, పాతదాన్ని ‘గతంలో’ అన్న మాట కింద ఉంచుతుంది. 2009లో రాసిన టపా మాత్రం ‘వరంగల్ జిల్లా, నర్మెట్ట మండలం, తరిగొప్పుల’ అనే అంటుంది. అది తప్పు కాదు. ఆ తేదీన అదే నిజం. టపాను సరిదిద్దితే నిజం చెడుతుంది.

తేదీతో ముడిపడిన ఈ ఉత్తమపురుష కథనానికి తెలుగులో పూర్వరూపం లేకపోలేదు. చెన్నపట్నం సుప్రీంకోర్టులో ప్రధాన దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న కాశీయాత్రకు బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగివచ్చాడు. దారిపొడుగునా తేదీలవారీగా రాసినదాన్ని మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లెకు పంపుతూ వచ్చాడు. ఆ మిత్రుడే 1838లో దానిని ‘కాశీయాత్ర చరిత్ర’గా అచ్చువేయించాడు. ప్రయాణం ముగిశాక కూర్చుని రాసిన గ్రంథం కాదది. రేపు ఏ ఊరు వస్తుందో తెలియని మనిషి ఈరోజు రాసిన రాత. బ్లాగులోని వరుస టపాలకు ఉన్న గుణం ఇదే. ముగింపు తెలియకుండా రాయడం వల్ల వచ్చే తడబాటు, అభిప్రాయం మార్చుకోవడం, మొన్న అన్నదాన్ని ఇవాళ సవరించుకోవడం అందులో చెరగకుండా ఉంటాయి. తరువాత ఆ టపాలను పుస్తకంగా కూర్చేటప్పుడు సాధారణంగా మొదట పోయేవి తేదీలే. వాటి స్థానంలో విషయానుక్రమం వస్తుంది. అచ్చుపుస్తకం చదివి బ్లాగు చదివామనుకోవడం అందుకే పొరపాటు.

7. పాఠం, పాఠాంతరం

సాహిత్య విద్యార్థులకు తాళపత్ర ప్రతుల్లో పాఠభేదాల సమస్య పరిచితమే. వెబ్ రచనలోనూ ఆ సమస్య ఉంది, రూపం మారింది. వికీపీడియాలో ప్రతి మార్పూ ‘చరిత్ర’ పుటలో నమోదవుతుంది. ఎవరు, ఎప్పుడు, ఏ అక్షరం మార్చారో ఎవరైనా చూడవచ్చు. పాఠపరిష్కర్త కలగనే స్థితి అది. అయితే అక్కడ రచయిత ఒకడు కాడు. పైగా మౌలిక పరిశోధనను, సొంత అనుభవాన్ని ఆధారంగా స్వీకరించరాదన్నది వికీపీడియా మూలనియమాల్లో ఒకటి. ఊరి పెద్దమనిషి చెప్పిన సంగతి అచ్చులో ఎక్కడా లేకపోతే వికీపీడియాలో చేరదు.

బ్లాగు దీనికి సరిగ్గా తలకిందులు. సొంత సాక్ష్యమే దాని బలం. పాఠచరిత్ర మాత్రం ఉండదు. రచయిత టపాను రాత్రికి రాత్రి మార్చివేసినా పాఠకుడికి చివరి పాఠమే కనబడుతుంది. తెలుగు బ్లాగరుల్లో శ్రద్ధ ఉన్నవారు ఇందుకు ఒక మర్యాదను పాటించారు. తప్పును చెరపకుండా దానిపై గీత గీసి పక్కన సవరణ రాసేవారు. లేదా చివర ‘తా.క.’ అని చేర్చేవారు. ఉత్తరాల కాలపు తాజాకలం బ్లాగులో సవరణపత్రం పని చేసింది. ఇది మర్యాదే గాని నియమం కాదు కనుక, ఏ తేదీ పాఠం చదివామో చెప్పకుండా బ్లాగును ఉదహరించడం సంచిక సంఖ్య లేకుండా పత్రికను ఉదహరించడం వంటిది.

8. వ్యాఖ్య, సంకలిని

ఇంతవరకు చెప్పిన తేదీ, సంతకం డైరీకి కూడా ఉంటాయి. బ్లాగును డైరీనుంచి వేరుచేసేది జవాబు. ఒక టపా కింద వ్యాఖ్యలు నలభై, యాభై దాటిన సందర్భాల్లో అసలు విషయం పైన ఉందా కింద ఉందా అని సందేహం కలిగేది. ఒక పాటలోని మాటకు అర్థం అడిగిన టపా కింద నాలుగు జిల్లాల వాడుకలు పోగయ్యేవి. కులం, ప్రాంతం, స్త్రీల రచన మీద జరిగిన వాదాల్లో కటువైన మాటలకూ కొదవలేదు. ‘అజ్ఞాత’ పేరుతో వచ్చిన దూషణలు భరించలేక బ్లాగులు మూసుకున్నవారున్నారు. వ్యాఖ్యలను ముందుగా చదివి అనుమతించే ‘మోడరేషన్’ పద్ధతి చాలామంది అందుకే పెట్టుకున్నారు. ఆ క్షణంలో బ్లాగరి సంపాదకుడయ్యాడు, అదీ తన టపాకు కాదు, ఇతరుల మాటలకు.

విడివిడి బ్లాగులను ఒక సమాజంగా చేసినవి సంకలినులు. 2006లో వీవెన్ ‘కూడలి’ని ప్రారంభించారు. తరువాత జల్లెడ, హారం, మాలిక వచ్చాయి. కొత్త టపాల శీర్షికలు, మొదటి రెండు వాక్యాలు వాటిలో ఎప్పటికప్పుడు చేరేవి. మాలిక, హారం వ్యాఖ్యలను కూడా చూపేవి. ఇందుకు ఆధారం ఫీడు అనే యంత్రపాఠం. బ్లాగును సాధారణ వెబ్‌సైటునుంచి సాంకేతికంగా వేరుచేసే గుణం ఏదైనా ఉంటే అది ఇదే, పాఠకుడు రాకముందే తన రాకను తాను ప్రకటించుకోగలగడం. ప్రసిద్ధ రచయిత టపా పక్కనే నిన్న బ్లాగు మొదలుపెట్టిన డిగ్రీ విద్యార్థి టపా కనిపించేది. వరస నిర్ణయించేది గడియారం మాత్రమే. ‘నెమలికన్ను’, ‘మనసులో మాట’ వంటి బ్లాగులకు నిత్యపాఠకులు ఏర్పడింది ఈ దారిలోనే. తెలుగుబ్లాగు గుంపులో కొత్తవారి సందేహాలకు సమాధానాలు దొరికేవి. హైదరాబాదులో యూసఫ్‌గూడ కృష్ణకాంత్ పార్కులో బ్లాగరులు నెలనెలా కలుసుకునేవారు. డిసెంబరు రెండో ఆదివారాన్ని తెలుగు బ్లాగుల దినోత్సవంగా జరుపుకున్నారు. ‘ఈ-తెలుగు’ సంస్థ హైదరాబాదు పుస్తక ప్రదర్శనలో దుకాణం తీసుకుని, అక్కడికి వచ్చినవారికి లేఖినినీ కూడలినీ చూపించింది.

ఫేస్‌బుక్ వచ్చాక ఈ వరస మారింది. 2012లో కవి యాకూబ్ ప్రారంభించిన ‘కవిసంగమం’ గుంపు కవిత్వానికి తెచ్చిన పాఠకుల సంఖ్య ఏ బ్లాగుకూ లేదు. దాని ప్రయోజనాన్ని తక్కువ చేయలేం. కాని అక్కడ ఏది ముందు కనిపించాలో గడియారం నిర్ణయించదు. మూడేళ్లనాటి కవితను వెతికి పట్టుకోవడం రాసినవారికే కష్టం. బ్లాగులో ప్రతి టపాకూ ఉండే శాశ్వత లంకె విలువ అది లేనిచోటే తెలుస్తుంది. గూగుల్ రీడర్ 2013 జూలై 1న ఆగిపోయింది. కాలక్రమంలో కూడలీ మూతపడింది. బ్లాగులు చాలావరకు అలాగే ఉన్నాయి, వాటి మధ్య దారులు పోయాయి. ఒకే వారంలో ఒకే అంశంపై పది బ్లాగుల్లో నడిచిన వాదాన్ని ఇవాళ పునర్నిర్మించాలంటే ఒక్కొక్క గుమ్మం తట్టాలి.

9. సొంత అచ్చుకూటం, అద్దె ఇల్లు

1922లో ఇనుగుర్తి గ్రామంనుంచి ఒద్దిరాజు సీతారామచంద్రరావు, రాఘవరంగారావు సోదరులు ‘తెనుగు’ పత్రికను వెలువరించారు. ఇనుగుర్తి నేడు మహబూబాబాద్ జిల్లాలో ఉంది. పట్టణంలోని ముద్రాపకుడి దయమీద ఆధారపడక, ఊళ్లోనే సొంత అచ్చుయంత్రం పెట్టుకుని, రాయడం దగ్గరనుంచి అచ్చువేయడం దాకా తామే చేశారు. రచయితకూ ప్రచురణకూ మధ్య అంచెలను తొలగించడం అన్న అంశంలో ఇనుగుర్తి అచ్చుయంత్రాన్ని బ్లాగుకు పూర్వీకురాలిగా చెప్పవచ్చు.

పోలిక ఒకచోట ఆగిపోతుంది. ఒద్దిరాజు సోదరుల యంత్రం వారి ఇంట్లో ఉంది. బ్లాగరి యంత్రం మరొకరి ఇంట్లో ఉంది. 2006 జూలైలో, ముంబయి రైలు పేలుళ్లు జరిగిన కొద్దిరోజులకు, కేంద్ర ప్రభుత్వం కొన్ని వెబ్ పేజీలను నిలిపివేయాలని ఆదేశించింది. ఆ కొన్నింటినే విడిగా ఆపడం చేతకాక, పలు ఇంటర్నెట్ సంస్థలు బ్లాగ్‌స్పాట్‌ను మొత్తంగా ఆపేశాయి. ఆ రోజుల్లో తమ బ్లాగును తామే తెరవలేకపోయిన వేలమందికి ఆదేశంతో ఏ సంబంధమూ లేదు, ఒకే యజమాని ఇంట్లో అద్దెకుండటం తప్ప. 2023లో గూగుల్ రెండేళ్లపాటు వాడకంలో లేని వ్యక్తిగత ఖాతాలను తొలగించే విధానాన్ని ప్రకటించింది. బ్లాగర్ సేవలో బ్లాగుకు ఆధారం అలాంటి ఖాతాయే. రచయిత మరణిస్తే పుస్తకానికి వారసులుంటారు. ఖాతా సంకేతపదం ఇంట్లో ఎవరికీ చెప్పకుండా పోయినవారి బ్లాగుకు ఎవరున్నారు?

10. నమోదు

మనదేశంలో అచ్చైన ప్రతి పుస్తకం ప్రతిని కలకత్తా జాతీయ గ్రంథాలయానికీ, మరో మూడు గ్రంథాలయాలకూ పంపాలని 1954 చట్టం చెబుతుంది. 1956 సవరణతో పత్రికలూ అందులో చేరాయి. బ్లాగు ఆ పరిధిలోకి రాదు. బ్రిటన్ 2013 ఏప్రిల్‌నుంచి వెబ్ ప్రచురణలను కూడా ఇటువంటి నిక్షేపంలోకి తెచ్చింది. తెలుగు బ్లాగులకు ప్రస్తుతం ఉన్న ఆసరా ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్. అదీ ఎవరో ఒకరు పేజీ చిరునామాను ఇచ్చి దాచమన్నప్పుడు, లేదా యంత్రం తనంతట తాను ఆ దారిన వెళ్లినప్పుడు తీసుకున్న ప్రతే.

నమోదు లేకపోతే ఏమవుతుందో తెలంగాణవారికి వేరే చెప్పనక్కరలేదు. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులే లేరన్న మాటకు జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవులతో ‘గోలకొండ కవుల సంచిక’ వెలువరించవలసి వచ్చింది. కవులు అంతకుముందూ ఉన్నారు. పట్టిక లేదు. మా వృత్తిలో బ్లాగు రచనకు లెక్క లేదు, నియామక దరఖాస్తుల్లో దానికి ఒక గడి కూడా ఉండదు. ఆ గడి కావాలని నేను కోరడం లేదు. 2005 తరువాతి దశాబ్దపు తెలుగు వచనాన్ని గురించి పరిశోధించేవారు అచ్చుపత్రికలతో ఆగిపోతే, ఆ కాలంలో కొత్తగా కలం పట్టినవారిలో పెద్దభాగం, ముఖ్యంగా స్త్రీలు, పట్టికలో లేకుండా పోతారు.

నా విద్యార్థులచేత చేయిస్తున్న నమోదులో ఒక్కో టపాకు ఆరు గళ్లున్నాయి: శీర్షిక, బ్లాగరి వాడిన పేరు, ప్రచురణ తేదీ, శాశ్వత లంకె, మేము చదివిన తేదీ, వ్యాఖ్యల సంఖ్య. వ్యాఖ్యలతో సహా పేజీని దాచాలి, టపా ఒక్కదాన్నే కోసి తీయరాదు. బ్లాగరి కలంపేరు వెనుక అసలు పేరు తెలిసినా రాయరాదు. ఈ చివరి నియమం పెట్టిన తరువాతే నా సిద్ధాంతవ్యాసంలోని పాత పాదసూచికకు తిరిగి వెళ్లాను. మాయమైన ఆ టపా వేబ్యాక్‌లో దొరికింది, కింద పదకొండు వ్యాఖ్యలతో సహా. బ్లాగును ఏ సంస్థా తొలగించలేదని, రాసినావిడే ఇష్టపడి తీసేసుకున్నారని ఆ తరువాత తెలిసింది. సిద్ధాంతవ్యాసాన్ని పుస్తకంగా సిద్ధం చేస్తున్నప్పుడు ఆ పాదసూచికలో తేదీని ఉంచాను, ఉదహరించిన వాక్యాన్ని తీసేశాను. దాచిన ప్రతి నా దగ్గరే ఉంది.